కీబోర్డు నేర్చిన పిల్లలు ఆర్గాన్ పోటీకి పోవచ్చా? పాఠకుల ప్రశ్నలు, మాస్టారి జవాబులు

పోయిన సంచికలో కుర్ర ఆర్గానిస్టుల, అంటే చర్చిల్లో గాలి గొట్టాలతో పలికే ఆర్గాన్ వాయించే పిల్లల, పోటీల గురించి నాలుగు ముక్కలు రాశాను. ఇంగ్లండ్‌లో సెయింట్ ఆల్బన్స్ అనే ఊళ్ళో 1963లో మొదలైన ఆర్గాన్ పోటీ ఇప్పటికీ నడుస్తోందని, అలాంటి చోట్లకి దేశదేశాల పిల్లలు వస్తారని, ఈ మధ్య కొన్ని పోటీలకు మొదటి వడపోత వీడియో చూసే చేసేస్తున్నారని. ఆ ‘వీడియో’ అన్న మాట దగ్గరే అందరూ ఆగిపోయినట్టున్నారు. నరసాపురం నుంచి కాకినాడ దాకా ఉత్తరాలే ఉత్తరాలు. ఒకేలాంటివి కలిపేశాను, పేర్లు తీసేశాను. నన్ను తిట్టినవి రెండున్నాయి, అవి నా దగ్గరే దాచుకున్నాను.

ప్రశ్న: మాస్టారూ, మాది నరసాపురం దగ్గర పల్లెటూరండి. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. ఎనిమిదో ఏట నుంచి కీబోర్డు నేర్చుకుంటోంది, లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళ సంగీత పరీక్ష ఐదో గ్రేడు పాసైంది, ఆదివారం చర్చిలో పాటలన్నిటికీ తనే వాయిస్తుంది. నేర్పే సారు “కీబోర్డయినా ఆర్గానయినా మెట్లు ఒకటేనమ్మా, ఫీజు కట్టేయండి” అంటున్నారు. మావారేమో ఫీజు డాలర్లలో ఉందని వెనకాడుతున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఈ ఏడు కట్టకండమ్మా. మీవారి మాటే వినండి.

సారు చెప్పింది అబద్ధమేమీ కాదు. తెల్ల మెట్లు, నల్ల మెట్లు, వాటి వరస, అన్నీ ఒకటే. సైకిలుకీ బుల్లెట్టుకీ కూడా హ్యాండిల్ ఒకలాగే ఉంటుంది కదా, అలాగ. తేడా ఎక్కడ వస్తుందంటే, పియానో మెట్టు గట్టిగా కొడితే గట్టిగా, మెల్లగా కొడితే మెల్లగా మోగుతుంది, కొట్టిన క్షణం నుంచే శబ్దం సన్నగిల్లిపోతూ ఉంటుంది. పైపు ఆర్గాన్‌లో గొట్టంలోకి గాలి పోతుంది, గొట్టం పలుకుతుంది, మీరు వేలు పెట్టి ఉంచినంతసేపూ అదే బిగువుతో పలుకుతూనే ఉంటుంది, వేలు ఎత్తారా, ఠక్కున ఆగిపోతుంది. మెట్టుని గుద్దినా ఒకటే, నిమిరినా ఒకటే. మరి పాటకి ప్రాణం ఎక్కడి నుంచి వస్తుంది? వేలు ఎప్పుడు ఎత్తామన్న దాన్నుంచి. ఒక స్వరానికీ తర్వాతి స్వరానికీ మధ్య ఎంత సందు వదిలాం, ఎక్కడ వదలకుండా అంటించాం, చరణం చివర మనిషి ఊపిరి పీల్చుకునేటంత ఆగామా లేదా, జడ్జీలు చెవులు రిక్కించి వినేది ఇదే.

కీబోర్డు మీద పెరిగిన పిల్లలకి ఇది అలవాటు ఉండదు, తప్పు వాళ్ళది కాదు. ఎడమ చేత్తో కార్డ్, అంటే రెండు మూడు స్వరాలు కలిపి పట్టుకుంటే వెనకాల డ్రమ్ములూ బేసూ యంత్రమే వాయించేస్తుంది. ఆ స్టైల్‌ని సరిగ్గా నడిపించడం కూడా ఒక విద్యే, నేను తక్కువ చెయ్యను, కాకపోతే వేళ్ళ మధ్య సందులన్నీ ఆ డ్రమ్ముల కింద కప్పబడిపోతాయి.

అందుకని ఇవాళ సాయంత్రమే ఒక పరీక్ష పెట్టండి. కీబోర్డులో రిథమ్ ఆపేయమనండి, స్టైల్ ఆపేయమనండి, వేలు ఎత్తాక కూడా శబ్దం లాగే సస్టెయిన్ తీసేయమనండి, గట్టిగా కొడితే గట్టిగా మోగించే టచ్ రెస్పాన్స్ అని ఒకటి ఉంటుంది, అది కూడా. చర్చ్ ఆర్గాన్ వాయిస్ పెట్టి, తనకి బాగా వచ్చిన ఆంధ్ర క్రైస్తవ కీర్తన ఏదైనా ఒకటి, తొందరపడకుండా రెండు చేతులతో వాయించమనండి, ఫోన్లో రికార్డు చేసి తనకే వినిపించండి. మీరేమీ అనకండి. పళ్ళూడిన ముసలాయన మాట్లాడినట్టు మధ్యమధ్యలో గాలి పోతుంటుంది, ఆ అమ్మాయికే తెలిసిపోతుంది, మొహం చిన్నబుచ్చుకుంటుంది కూడా. అప్పుడు ఒక్క చిట్కా చెప్పండి: మెట్టు నొక్కి పట్టుకునే ఉండి, శబ్దం తెగకుండా ఆ మెట్టు మీదే ఒక వేలు తీసి ఇంకో వేలు పెట్టడం. ఆర్గాన్ వాళ్ళు రోజూ చేసే పని ఇది. నెల రోజులు ఒక్క కీర్తనే. కొత్త పాట వద్దు.

ఇంకో సంగతి. వీడియో పోటీలన్నా రూల్సు తేలిగ్గా ఉండవు. మామూలుగా ముక్కలు అతికించకుండా ఒకే టేకులో తీయాలంటారు, చేతులూ కాళ్ళూ రెండూ కనబడాలంటారు. కాళ్ళు ఎందుకని అడక్కండి, తర్వాతి ప్రశ్నలో ఉంది.

ఆ ఫీజు డబ్బులుంటాయి చూశారా, వాటితో ముగ్గురూ చెన్నై రైలెక్కండి. సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లోనూ, ఎగ్మోర్‌లో సెయింట్ ఆండ్రూస్ కిర్క్‌లోనూ పైపు ఆర్గాన్లున్నాయి. ముందుగా ఉత్తరం రాసి, ఏ ఆదివారం ఆరాధనలో వాయిస్తారో కనుక్కుని వెళ్ళండి. నేను మొదటిసారి నిజం పైపు ఆర్గాన్ ముందు కూర్చున్నప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు, పెళ్ళిళ్ళకీ ఆరాధనలకీ వాయించి వాయించి నా అంతవాడు లేడనుకునే రోజులు. మెట్టు నొక్కాను, శబ్దం నా వేలి దగ్గర రాలేదు, ఎక్కడో పైనుంచి, ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది, గోడలకి కొట్టుకుని మళ్ళీ వచ్చింది. దాని కోసం ఆగితే పాట నెమ్మదించింది, ఇంకా ఆగాను, ఇంకా నెమ్మదించింది. రెండో చరణానికి పాట నడుస్తోందో నిలబడిందో తెలీని పరిస్థితి. పక్కనున్న పెద్దాయన “చెవిని నమ్మకు, వేలిని నమ్ముకో” అన్నారు. ఇది ఇంట్లో కీబోర్డు మీద ఎవరూ నేర్పలేరు. పద్నాలుగేళ్ళకే ఆ అనుభవం దొరికితే పదహారో ఏట పోటీ సంగతి మాట్లాడుకుందాం. అప్పుడు మాత్రం ఫీజు కట్టమని నేనే చెప్తాను.

ప్రశ్న: పాలకొల్లు నుంచి రాస్తున్నాను సార్, ఇంటర్ సెకండియర్. యూట్యూబ్ చూసి బాఖ్ అనే జర్మన్ సంగీతకారుడి ఆర్గాన్ పాట టొకాటా డి మైనర్ కుడి చేతిది మొత్తం వచ్చేసింది. పెడల్స్ లేవు. పెడల్స్ లేకుండా పోటీకి వెళ్ళొచ్చా? ఎక్కడ దొరుకుతాయి?

జవాబు: వెళ్ళకూడదు బాబూ. ఆర్గాన్‌లో కాళ్ళు వాయించేది అలంకారం కాదు, మూడో చెయ్యి. మాన్యువల్ మీద, అంటే చేతుల మెట్ల వరసలో, మహా అయితే 61 మెట్లుంటే, కింద కాళ్ళ కోసం 30 గానీ 32 గానీ కర్ర మెట్లుంటాయి, నీ కీబోర్డు మెట్లలాగే తెల్లా నల్లా వరసలో. వాటిని మడమతోనూ వేలి కొసతోనూ, కిందికి చూడకుండా వాయించాలి. బేసు మొత్తం చాలాసార్లు అక్కడే.

కొనడం అంటే బయటి నుంచి తెప్పించాలి, నాన్నగారి జేబు సంగతి నాకు తెలీదు. తక్కువ ఖర్చు దారి ఒకటి చెప్తాను. ఇంట్లో కంప్యూటర్ ఉంటే గ్రాండ్‌ఆర్గ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా వస్తుంది, నిజం చర్చిల్లో గొట్టం గొట్టం విడివిడిగా రికార్డు చేసిన శబ్దాలు దాంట్లో వేసుకోవచ్చు. నీ కీబోర్డుకి మిడి, అంటే దాన్ని కంప్యూటరుకి కలిపే దారి, ఉంటే తగిలించెయ్. హెడ్‌ఫోన్సు వైరువి వాడు, బ్లూటూత్‌వి వద్దు, వాటిలో శబ్దం ఆలస్యంగా వస్తుంది, చెన్నైలో నా గతే పడుతుంది నీకు.

కాళ్ళకి? మీకు దగ్గర్లోనే నరసాపురంలో పడవలు చేసిన చేతులున్నాయి, ఒకప్పుడు తెల్లవాళ్ళు అక్కడ ఓడలు కట్టించుకున్నారు. మంచి వడ్రంగి ఒకాయన్ని పట్టుకో. అమెరికా వాళ్ళ కొలతలో పక్కపక్క తెల్ల మెట్ల మధ్యబిందువుల నడుమ దూరం రెండున్నర అంగుళాలు. ఆ లెక్కన కర్రతో ఒక మూగ పెడల్‌బోర్డు చేయించు, కింద స్ప్రింగులు, అంతే. శబ్దం రాదు. రాకపోయినా కాలికి దూరాలు తెలుస్తాయి, మోకాళ్ళు దగ్గరపెట్టి ఎంత తిప్పితే ఎక్కడికి వెళ్తుందో తెలుస్తుంది. తర్వాత డబ్బులున్నప్పుడు మిడి స్విచ్చులు తగిలించుకోవచ్చు. ఒక్కటే జాగ్రత్త, బాగా ఆరిన కర్ర కావాలి, పచ్చి కర్ర వాడితే మన కాలవగట్టు తేమకి శ్రావణానికల్లా వంకర తిరిగిపోతుంది.

ఆ టొకాటా పక్కన పెట్టెయ్. అందరూ దాంతోనే మొదలెడతారు, జడ్జీలు దాన్ని వినీ వినీ ఉంటారు. బాఖ్ పేరుతో ఎనిమిది చిన్న ప్రెల్యూడ్ ఫ్యూగ్‌లున్నాయి, అంటే ముందుమాటలాంటి ముక్క, దాని వెనకాల గీతలు ఒకదాన్నొకటి తరుముకునే ముక్క, బాఖ్ రచనల జాబితాలో (బిడబ్ల్యువి) 553 నుంచి 560 దాకా. అవి ఆయన రాసినవేనా అని పండితులకి అనుమానం, మనకెందుకు ఆ గొడవ, కాళ్ళు చేతులూ కలవడానికి వాటిని మించినవి నేను చూడలేదు. మొదట కాళ్ళు ఒక్కటే, తర్వాత కాళ్ళు, ఎడమ చెయ్యి. కుడి చెయ్యి అందరికన్నా ఆఖర్న. నీకు కుడి చెయ్యే వచ్చింది కాబట్టి నీకిది కష్టంగా ఉంటుంది.

ప్రశ్న: మాది తణుకు వైపండి. మా నాన్నగారు పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయిస్తారు. నేనూ ఆయన పక్కనే కూర్చుని నేర్చుకున్నాను, వయసు పంతొమ్మిది. నొటేషన్ చదవడం రాదు. మావాళ్ళు “నాటకాల హార్మోనియం వాడివి, నీకు ఆర్గాన్ పోటీ ఏంట్రా” అని నవ్వుతున్నారు. నిజంగా నవ్వాల్సిన విషయమేనా?

జవాబు: తమ్ముడూ, వచ్చిన ఉత్తరాలన్నిటిలో నాకు నచ్చింది నీదే.

ముందు చరిత్ర. మీ నాన్నగారి పెట్టె ఆర్గాన్‌కి దూరపు చుట్టమే. పారిస్‌లో డెబేన్ అనే ఆయన 1842లో హార్మోనియానికి పేటెంట్ తీసుకున్నాడు, అది కాళ్ళతో తొక్కేది. దాన్ని నేలమీద కూర్చుని చేత్తో ఊదుకునేలా మార్చింది కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్. అది మన దేశమంతా పాకాక, ఇందులో గమకం పలకదు, శ్రుతులు మనవి కావు అని ఆలిండియా రేడియో 1940లో దాన్ని గడప తొక్కనివ్వలేదు, 1971 దాకా అదే వరస. నాటకాల వాళ్ళు మాత్రం ఒక్క రోజు కూడా వదల్లేదు. కాబట్టి నవ్వేవాళ్ళని చూసి మీ ఇంట్లో వాద్యం బెదిరిపోయిన చరిత్ర లేదు.

ఇక నీ సంగతి. రంగస్థలం మీద నటుడు పద్యం అందుకుంటాడు, ఏ శ్రుతిలో ఎత్తుకుంటాడో, ఇవాళ గొంతు ఎలా ఉందో, రాగం ఎక్కడిదాకా లాగుతాడో ముందు తెలీదు. వన్స్‌మోర్ అంటే రెండోసారి ఇంకోలా పాడతాడు. మీ నాన్నగారు మొహం చూసి, ఊపిరి చూసి, అరక్షణం వెనకాలే అందుకుంటారు, ఆయన ఆగితే ఖాళీ నింపుతారు. కాగితం లేదు, రిహార్సలూ అంతంతమాత్రం. దీన్ని ఇంప్రొవైజేషన్ అంటారు, ఆర్గాన్ లోకంలో దానికి పెద్ద పీట. నెదర్లాండ్స్‌లో హార్లెమ్ అనే ఊళ్ళో 1951 నుంచి అచ్చంగా దీనికే పోటీ ఉంది. నాలుగు స్వరాల ముక్క చేతిలో పెడతారు, దాన్నుంచి అల్లుకుంటూ పోవాలి. ఆ ఊరి పెద్ద చర్చిలో ఆర్గాన్ 1738లో పూర్తయింది, 1766లో పదేళ్ళ మొజార్ట్ వచ్చి దాన్ని వాయించి వెళ్ళాడు. పదేళ్ళు! మనకి ఆ వయసుకి పంచె కట్టుకోవడం రాదు.

అయితే నీకు లేనివి కూడా చెప్పాలి, లేకపోతే మోసం చేసినవాణ్ణవుతాను. చేతి హార్మోనియం వాయించేవాడికి ఎడమ చెయ్యి తిత్తికే అంకితం, ఆ చేతి వేళ్ళు పనికి అలవాటు పడవు. రెండోది, మనది ఒకే గీత సంగీతం, రాగం ఒక్కటే నడుస్తుంది. వాళ్ళు అడిగేది ఒకేసారి మూడు నాలుగు గీతలు, వేటి దారి వాటిదే, కలిస్తే మాత్రం పోట్లాడుకోకూడదు. మూడోది నొటేషన్. పోటీలో థీమ్ కాగితం మీదే ఇస్తారు కాబట్టి చదవడం తప్పదు, అది ఏడాది పని, భయపడకు. మీ నాన్నగారు మోహన ఎత్తుకుంటే నువ్వు కింద ఎడమ చేత్తో ఇంకో గీత కట్టడానికి ప్రయత్నించు. ఆయన మొదట తిడతారు. వారం అయ్యాక తిట్టడం మానేసి వింటారు, చూడు.

ఇంకోటి మర్చిపోయాను. ట్రాన్స్‌పోజ్ బటన్ లేకుండా ఏ శ్రుతిలోనైనా వాయించడం నీకు పుట్టుకతో వచ్చింది. నరసాపురం అమ్మాయికి అది రాదని నా అనుమానం. ఇద్దరూ ఒకరికొకరు నేర్పుకుంటే బావుండు.

ప్రశ్న: చర్చిలోకి చెప్పులు వేసుకుని వెళ్ళం కదండీ. ఆర్గాన్ వాయించేవాళ్ళు బూట్లు వేసుకుంటారట. వట్టి కాళ్ళతో వాయిస్తే మార్కులు తీసేస్తారా? (అమలాపురం)

జవాబు: వట్టి కాళ్ళతో వాయించేవాళ్ళూ ఉన్నారు. మార్కులు శబ్దానికేగానీ కాళ్ళకి కాదు. మడమతో ఎక్కువ వాయించాల్సి వస్తే మాత్రం వట్టి కాలు నొప్పెడుతుంది, చెమటకి అంటుకుంటుంది కూడా. ఆర్గాన్ బూట్లకి పల్చటి తోలు అట్ట, కొంచెం ఎత్తు మడమ ఉంటాయి, వాటిని రోడ్డు మీద ఎప్పుడూ వెయ్యరు, మట్టి అంటితే పెడల్స్ పాడవుతాయని. ఆ మాటే మీ పాస్టరు గారికి చెప్పండి, అవి గడప బయట మట్టి ఎరగని బూట్లని. నేను చెప్పినప్పుడు మా అయ్యగారు ఒప్పుకున్నారు, మా అమ్మ ఒప్పుకోలేదు.

ప్రశ్న: రాజోలు దగ్గర మా సంఘం యూత్ తరఫున ఎండాకాలం సెలవుల్లో పిల్లలకి కీబోర్డు పోటీ పెడదామనుకుంటున్నాం. ఆర్గాన్ పోటీల పద్ధతిలో పెట్టాలని ఆశ. రూల్సు ఎలా పెట్టాలి?

జవాబు: రూల్సు చెప్పే ముందు నా పరువు తీసుకుంటాను. చాలా ఏళ్ళ క్రితం ఒక ఊళ్ళో నన్ను జడ్జిగా పిలిచారు. పన్నెండేళ్ళ కుర్రాడు వచ్చి కూర్చున్నాడు, అబ్బ, ఏం వాయించాడు, నేను పదికి తొమ్మిదిన్నర వేసేశాను. సరిగ్గా మూడో నిమిషంలో కరెంటు పోయింది. మళ్ళీ వచ్చింది, కీబోర్డు వెలిగింది, కుర్రాడు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. పెన్‌డ్రైవ్‌లో పాట వేసుకుని దాని మీద వేళ్ళు ఆడిస్తున్నాడు పాపం, మళ్ళీ ఎక్కడ నొక్కి మొదలెట్టాలో వాడికి తెలీదు. తొమ్మిదిన్నర కొట్టేసి ఎంత వేశానో ఇప్పుడు చెప్పను.

కాబట్టి మొదటి రూలు, పోటీకి వాద్యం మీది, పిల్లలది కాదు. అందరికీ ఒకటే కీబోర్డు, రిథమూ ట్రాన్స్‌పోజూ పెన్‌డ్రైవూ లేవు. నిజం ఆర్గాన్ పోటీల్లో కూడా ఇంతే, ఆర్గాన్‌ని ఎవడూ భుజాన వేసుకుని రాలేడు కదా, ఎక్కడుందో అక్కడికే వెళ్ళాలి. ఏ రెండు ఆర్గాన్లూ ఒకలా ఉండవు కాబట్టి పోటీకి ముందు ఒక్కొక్కరికీ ఆ వాద్యంతో కొంత సమయం విడిగా ఇస్తారు, ఏ స్టాప్ (ఒక గొట్టాల వరసని పలికించే పిడి) లాగితే ఏ రంగు శబ్దం వస్తుందో చూసుకుని రాసుకోవడానికి. మీరూ పిల్లకి పదిహేను నిమిషాలు ఇవ్వండి. ఇది దండగ అనుకోకండి, అన్నిటికన్నా ముఖ్యం ఇదే, తెలియని వాద్యాన్ని పిల్లలు ఎంత తొందరగా మచ్చిక చేసుకుంటారో అక్కడే బయటపడుతుంది.

జడ్జీలని అడ్డతెర వెనక కూర్చోబెట్టండి. పేర్లు వద్దు, చీటీ నంబర్లు చాలు. మన ఊళ్ళలో ఎవరి పిల్లాడో తెలిసిన మరుక్షణం మార్కులు మారిపోతాయి, నేనూ దీనికి అతీతుణ్ణేం కాదు. అందరూ వాయించాల్సిన పాట ఒకటి రెండు నెలల ముందే చెప్పండి, పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఏదైనా అయితే అందరికీ తెలిసిందే, పోల్చడం సులువు. రెండోది ఎవరిష్టం వాళ్ళది. మూడో అంకం పెట్టే ధైర్యం ఉంటే, సభలోవాళ్ళు ఒక పాట పాడతారు, పిల్ల వాళ్ళని నడిపించాలి, చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి ఇవ్వాలి, ముసలమ్మలు లాగుతుంటే లాగనివ్వకుండా, అలాగని వాళ్ళని వదిలేసి పరిగెత్తకుండా. ఇది పెడితే మాత్రం నన్ను పిలవండి, సొంత ఖర్చుతో వస్తాను.

జనరేటరు పెట్టుకోండి. ఎందుకో మళ్ళీ చెప్పక్కర్లేదు.

ప్రశ్న: 8 అడుగులు, 16 అడుగులు అని స్టాప్‌ల మీద రాసి ఉంటుంది. అదేం కొలత? (భీమవరం)

జవాబు: గొట్టం పొడవు. అన్నిటికన్నా కింది ‘సి’ మెట్టుకి పలికే గొట్టం సుమారు ఎనిమిది అడుగులుంటే ఆ వరసంతా 8 అడుగుల స్టాప్, మీ కీబోర్డు మామూలు శ్రుతి అదే. గొట్టం రెండింతలయితే స్థాయి ఒకటి దిగుతుంది, అది 16. సగమైతే ఒకటి ఎక్కుతుంది, అది 4. మీ కీబోర్డులో ఆర్గాన్ వాయిస్‌కి ఈ అంకెలుంటే 8 ఒక్కటే పెట్టి సాధన చెయ్యండి, 16 కలిపితే తప్పులన్నీ ఆ గుమ్ములో దాక్కుంటాయి.

ప్రశ్న: రాజమండ్రి దగ్గర మా పాత లూథరన్ చర్చిలో కాలితో తొక్కే ఆర్గాన్ ఒకటి ఉంది, మా తాతగారి రోజుల్లో వాయించేవారట. ఇప్పుడు దాని మీద పూలకుండీలు పెడుతున్నారు. పోటీకి సాధన చెయ్యడానికి మా పిల్లలకి పనికొస్తుందా? బాగుచేసేవాళ్ళున్నారా?

జవాబు: ముందు ఆ పూలకుండీలు తీయించండి, నీళ్ళు కారి లోపలికి పోతాయి.

పనికొస్తుంది. అందులో గొట్టాలు ఉండవు, ఇత్తడి రీడ్లు, అంటే గాలికి అదిరి పలికే సన్నటి రేకులుంటాయి, చేతి హార్మోనియం లాగే. అమెరికా నుంచి వచ్చినదైతే గాలిని ఊదదు, లోపలికి పీలుస్తుంది, యూరప్ హార్మోనియం ఊదుతుంది. బాగుచేసేవాడికి ఈ తేడా చెప్పకపోతే తిత్తి తిరగేసి బిగిస్తాడు. దానికి కాళ్ళ మెట్లు లేవు, తొక్కుడు పలకలే, కాబట్టి పెడల్ విద్య రాదు. కానీ పైన చెప్పిన వేలు ఎత్తే విద్యంతా దాని మీద వస్తుంది, ఖరీదైన కీబోర్డు కన్నా బాగా వస్తుంది, ఎందుకంటే తొక్కడం తగ్గితే శబ్దం నీరసిస్తుంది, గాలి ఎంత పోతోందో కాలికి తెలుస్తుంది.

దగ్గర్లో నాటకాలకి హార్మోనియాలు సరిచేసేవాళ్ళుంటారు, వాళ్ళని అడగండి. తోలు, గుడ్డ మార్చాల్సి వస్తుంది. కొన్ని మెట్లు నొక్కినా పలకవు, అది మామూలుగా రీడ్‌లో ఇరుక్కున్న దుమ్ము, మెత్తటి బ్రష్షుతో పోతుంది, చాకుతో గీకనివ్వకండి, శ్రుతి మారిపోతుంది. కొన్ని నొక్కకుండానే పలుకుతాయి, అదింకా ఘోరం. ఒక పెళ్ళిలో నాకు అలాగే ఒక స్వరం ఇరుక్కుపోయింది, ప్రమాణాలు చదువుతున్నంతసేపూ కుయ్ మంటూనే ఉంది, తొక్కడం ఆపేస్తే ఆగుతుందన్న సంగతి ఆ టెన్షన్‌లో నాకు తట్టలేదు. పెళ్ళికొడుకు ఇప్పటికీ ఎదురుపడితే “ఏం మాస్టారూ, కుయ్” అంటాడు.

తిత్తి విప్పినప్పుడు లోపల ఎలక గూడు ఉంటుంది, ఉండకపోతే ఆశ్చర్యం. పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని విప్పించండి, లోపల ఏముందో వాళ్ళూ చూడాలి. రీడ్లు తీసిన వరస తప్పకుండా ఒక కాగితం మీద నంబర్లు వేయించండి.